మండలదీక్ష

(వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు సిద్ధపడుచున్న కొనకనమిట్ల ప్రాంత విద్యార్థుల యెదుట గావించిన ప్రసంగ పాఠము)

 

ఇంటర్మీడియట్ పరీక్షలు మార్చి నెలలో ముగియును. మీరందరును నీట్ అని పిలుచుకొను వైద్యవిద్యా ప్రవేశపరీక్ష 2023లో మే 7వ తేదీనను, 2024లో మే 5వ తేదీనను, 2025లో మే 4వ తేదీనను జరిగినది. ఈ రెంటి నడుమ చిక్కునది ఇంచుమించు నలువది దినములు. దీనినే మన పెద్దలు మండలమందురు. వైద్యుడు మందిచ్చి మండలము దినములు పథ్యముండుమనును. మాల వేసికొన్నవాడు మండలము దినములు దీక్షలో నుండును. రెండు సంవత్సరముల చదువును ఈ యొక్క మండలములో తిరుగవేయుట యెట్లన్నదే నా ప్రసంగ విషయము.

చదువు స్వల్పము కాదు. భౌతికశాస్త్రమున ఇరువది, రసాయనశాస్త్రమున ఇరువది, జీవశాస్త్రమున పది పెద్ద విభాగములు గలవు. ప్రశ్నలు 180, కాలము 180 నిమిషములు, మార్కులు 720. ఈ గుట్టను జూచి మీలో అనేకుల గుండె జారుచున్నదని నే నెరుగుదును.

ఈ మాటలు హైదరాబాదులోనో విజయవాడలోనో చెప్పక కొనకనమిట్లకు వచ్చి చెప్పుట యేలయని మీ రడుగవచ్చును. 1937లో గిండీయందలి కింగ్ ఇన్‌స్టిట్యూటునకు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి యనువారు, నీటిలోని ఫ్లోరైడు వలన పండ్లు గారకట్టి, ఎముకలు బిగిసి, మనుష్యులు వంగిపోవు వ్యాధిని నాటి నెల్లూరు జిల్లాలో పరిశీలించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించిరి. మన దేశమున ఈ వ్యాధిని గూర్చి వెలువడిన తొలి శాస్త్రీయ వార్తలలో అది యొకటి. 1970లో ప్రకాశం జిల్లా యేర్పడువరకు పొదిలి, దర్శి, కనిగిరి సీమలు ఆ నెల్లూరు జిల్లాలోనివే. మన తాతల కీళ్లను పరీక్షించుటకు చెన్నపట్టణమునుండి వైద్యులు రావలసి వచ్చెను. వచ్చినవారు చూచిరి, వ్రాసిరి, మరలిపోయిరి. ఇచ్చట నిలుచు వైద్యుడు ఇచ్చటి నీరు త్రాగి పెరిగినవాడై యుండుటకే యెక్కువ వీలు గలదని నా నమ్మకము. రాష్ట్రమున తలపెట్టిన పదునేడు క్రొత్త ప్రభుత్వ వైద్యకళాశాలలలో మార్కాపురమున కొకటి కేటాయింపబడినది గాని, 2023లో తెరచిన అయిదింటిలో అది లేదు. కళాశాలను గూర్చి అడుగుట పెద్దల పని. దాని తలుపు తెరచుకొన్ననాడు లోపలికి పోదగిన మార్కులు సంపాదించుట మీ పని.

ముందుగా నా తప్పొకటి మీ యెదుట నొప్పుకొనవలయును. కొన్ని యేండ్ల క్రిందట, సరిగా నిట్టి దినములలోనే, ఈ ప్రాంతపు విద్యార్థిని యొకతె నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, ఎక్కడనుండి మొదలుపెట్టమందురు?" అని యడిగినది. నేను పెద్దరికము చూపి, "మొదటి పుటనుండి మొదలుపెట్టుము తల్లీ. ఒక్క యక్షరమును విడువకుము" అంటిని. ఆ బిడ్డ నా మాట వేదమని నమ్మినది. పదునేడు దినములు భౌతికశాస్త్రము చదివినది. పదునాఱు దినములు రసాయనశాస్త్రము చదివినది. మొక్కల ప్రకరణములు సగము కాకమునుపే పరీక్ష వచ్చిపడినది. మానవ శరీరధర్మములు, జన్యుశాస్త్రము తెరువనే లేదు. ప్రశ్నపత్రమున సగము, అనగా తొంబది ప్రశ్నలు, మూడువందల అరువది మార్కులు, జీవశాస్త్రమునకే చెందునని తెలిసియుండియు నేనామె నా త్రోవను బెట్టితిని. ఆమెకు సీటు రాలేదు. పిదప నర్సింగు చదివి నేడు గౌరవముగా పనిచేసికొనుచున్నది. మాయింటికి వచ్చినపు డామె యీ మాట యెత్తదు. నేనే యెత్తుచుందును.

నా సలహాలో దోషము క్రమములో మాత్రమే లేదు. "మరల చదువుము" అనుటలోనే యున్నది. చదివిన పుటను తిరిగి చదువునపుడు ప్రతి వాక్యమును పరిచితముగా తోచును. ఆ పరిచయమునే మనము జ్ఞానమని భ్రమింతుము. వీధిలో ప్రతిదినము కనబడు మనుష్యుని ముఖము గుర్తుపట్టుదుము గాని, పేరడిగిన చెప్పలేము గదా! రంగు రంగుల గీతలతో నిండిన పుస్తకములు గల విద్యార్థులను పెక్కండ్రను చూచితిని. గీత పుస్తకమున బడినది గాని తలలో బడలేదు.

మన వీధిబడి పంతులు ఈ సంగతి నెరిగియుండెను. పిల్లవాడు ఎక్కములను ఎన్నిమారులు చదివెనని ఆయన యడుగలేదు. "పుస్తకము మూసి అప్పజెప్పుము" అనెను. ఆ అప్పజెప్పుటలోని బలమును పాశ్చాత్యులు పరీక్షలు పెట్టి తేల్చిరి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె యను ఇరువురు మనశ్శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థులకు ఒక పాఠమిచ్చి, కొందరిచే దానిని మరల చదివించిరి, కొందరిచే పాఠము చూడకుండ జ్ఞాపకమున్నంత వ్రాయించిరి. అయిదు నిమిషములకు పరీక్షింపగా మరల చదివినవారే మెరుగు. వారము గడచి పరీక్షింపగా చూడక వ్రాసినవారికి పాఠమున నూటికి 56 పాళ్లు, మరల చదివినవారికి 42 పాళ్లు మిగిలెను. మీ పరీక్ష అయిదు నిమిషములలో లేదు.

కావున పుస్తకము మూయుడు. మనది పలకల సీమ. మార్కాపురము పలకపై అక్షరములు దిద్దినవారు తెలుగుదేశమున ఎందరో గలరు. ఆ పలకనే మరల చేతబట్టుడు. ఉదయము లేచినంతనే, పుస్తకము తెరువక మునుపే, "జంతురాజ్యము" అని పలకపై వ్రాసి, పదునొకండు వర్గముల పేర్లు వరుసగా వ్రాయుడు. పొరిఫెరా మొదలు కార్డేటా వరకు ప్రతిదానికి ఎదురుగా సౌష్ఠవ మెట్టిది, శరీరకుహరము కలదా లేదా, ఉదాహరణ యేది యని నింపుడు. ఏడింటితో బలపము నిలిచిపోవును. నిలువనిండు. రెండు నిమిషములు తల గోకికొనుడు. ఆ తపనయే చదువు. అటుపిమ్మట మాత్రమే పుస్తకము తెరచి, తప్పిన నాలుగింటిని చూచి, పలక తుడిచి, మరల మొదటినుండి వ్రాయుడు. గుండె పటము, నెఫ్రాను పటము, పుష్పము నిలువుకోత, క్రెబ్స్ వలయము, అన్నియు ఇట్లే. గంటన్నరలో చదువు అధ్యాయము నలువది నిమిషములలో అప్పజెప్పవచ్చును. కాలము కలిసివచ్చు రహస్యము ఇందే కలదు. కాగితమైనను సరిపోవును గాని, పలకకొక గుణము గలదు: నిన్న వ్రాసినది నేడు కనబడదు.

ఒకమారు అప్పజెప్పిన మాత్రమున పని ముగియదు. శతావధానమున అవధాని ఒక పృచ్ఛకుని పద్యము నంతయు ఒక్కసారి చెప్పి ముగింపడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చెప్పుచు వరుస చుట్టి వచ్చి, నాలుగావృత్తములు తిరిగి, కడపట ధారణ యొనరించును. పద్యము మరచుటకు సిద్ధమైన వేళకు మరల నతని చేతికి వచ్చుచుండును. మీరును నేడు అప్పజెప్పిన యధ్యాయమును ఎల్లుండి, తరువాత వారమునకు, తరువాత పక్షము దాటిన పిమ్మట మరల పలకపైకి తెండు. రెండవమారు ఇరువది నిమిషములు, మూడవమారు పది చాలును. ఒక దినమున ఒకే శాస్త్రము పట్టుకొని కూర్చుండక, ఉదయము జీవశాస్త్రము, పగలు భౌతికశాస్త్రపు లెక్కలు, సాయంకాలము రసాయనశాస్త్రము పెట్టుకొనుడు. పరీక్షలో ఆ మూడును ఒకే కూర్చున్న కూర్పున రావలసియుండును.

ఇక నెక్కడనుండి మొదలు? నాటి విద్యార్థిని ప్రశ్నకు ఇన్నేండ్లకు సమాధానము చెప్పుచున్నాను. వైద్యుడు నాడి చూడక మందు వేయడు. మొదటి దినముననే పాత ప్రశ్నపత్రము నొకదానిని పూర్తిగా వ్రాయుడు. తప్పిన ప్రశ్నలను మూడు కుప్పలు చేయుడు. ఎన్నడు తెలియనివి ఒక కుప్ప. తెలిసి మరచినవి ఒక కుప్ప. తెలిసియు తొందరలో "కానిది ఏది" అన్న మాటను "అయినది ఏది" అని చదివి పోగొట్టుకొన్నవి మూడవ కుప్ప. ఈ మూడవదానికి చదువు అక్కరలేదు, ప్రశ్నను కడవరకు చదువు నలవాటు కావలయును. రెండవ కుప్పయే మీ పంటపొలము. సగము వచ్చిన యధ్యాయము రెండు గంటలలో పూర్తిగా వచ్చును. ఎన్నడు చూడని యధ్యాయము రెండు దినములు మ్రింగి సగమే వచ్చును. మొదటి సంవత్సరపు పాఠములు సాధారణముగా ఈ రెండవ కుప్పలోనే యుండును, ఏలనన మార్చిలో మీరు వ్రాసినది రెండవ సంవత్సరపు పాఠములనే. ఎన్నడు తెలియనివానిలో చిన్నవి రెండు మూడు కడపటి పక్షమునకు ముందు ముగించుకొని, తక్కినవానిని సంతాపము లేక వదలుడు. వదలుట నేరము కాదు. ఎండకాలమున నీరు చాలనపుడు రైతు ఏ మడికి పెట్టవలెనో, ఏ మడిని విడువవలెనో ఎరుగును.

భౌతికశాస్త్రమును గూర్చి ఒక్కమాట. అది చదువుటవలన రాదు, చేయుటవలన వచ్చును. సూత్రములు పలకపై వ్రాసి దినమునకు ముప్పది లెక్కలు చేయుడు. రసాయనశాస్త్రమున మూలకముల గుణములు, కర్బన చర్యలు అప్పజెప్పవలసినవి, తక్కినవి లెక్కలు.

తెలుగు మాధ్యమమున చదివినవారికి వేరుగా చెప్పవలసినది గలదు. ఈ పరీక్షను తెలుగున వ్రాయవచ్చును. ప్రశ్నపుస్తకమున ఆంగ్లమును తెలుగును రెండును ఉండును. కాని అనువాదమున సందేహము కలిగినచో ఆంగ్లపాఠమే ప్రమాణమని నియమము. తెలుగు బిడ్డకు తెలుగు పాఠము ప్రమాణము కాకపోవుట నాకు రుచింపదు. నియమము మారువరకు మీరు మాత్రము మోసపోకుడు. ప్రతి పారిభాషిక పదమును రెండు భాషలలోను పలకపై ప్రక్కప్రక్కన వ్రాసికొనుడు.

ఒప్పునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒకటి కోత. కన్నుమూసి నాలుగు ప్రశ్నలకు గురిపెట్టినచో సగటున మిగులునది ఒక్క మార్కు, అదృష్టము వక్రించిన నాలుగు పోవును. నాలుగు సమాధానములలో రెండింటిని తెలిసి కొట్టివేయగలిగినచో, అట్టి నాలుగు ప్రశ్నలకు సగటున ఆరు మార్కులు వచ్చును. కావున ఊహ తప్పు కాదు, ఆధారము లేని యూహ వ్యర్థము. పరీక్ష మధ్యాహ్నము రెండు గంటలకు మొదలగును. ఒంటిగంటన్నరకు వాకిలి మూయుదురు. భోజనము చేసి కునుకు తీయు వేళ యది. ఈ నలువది దినములును ఆ వేళ నిద్రపోవుట మాని, వారమునకు రెండు మారులు ఆ మూడు గంటలలోనే పాత పత్రము వ్రాయుడు. రాత్రి మాత్రము నిద్ర మానకుడు. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అను వారు, నేర్చిన పిమ్మట నిద్రించినవానికి మెలకువగా నున్నవానికంటె ఎక్కువ జ్ఞాపకముండునని చూపిరి. టీ త్రాగి తెల్లవార్లు మేలుకొన్నవాడు చదివినదానినే పారబోసికొనుచున్నాడు.

తల్లిదండ్రులారా! కడపటి నెలలో అప్పు చేసి పట్టణమున పెద్ద రుసుము చెల్లించి బిడ్డను క్రొత్త చోట చేర్పించినంత మాత్రమున మేలు కలుగదు. అక్కడను పుస్తకము మూయవలసినది ఆ బిడ్డయే. కంది పని, మిరప పని, నీళ్ల మోత యను వాటినుండి, ముఖ్యముగా ఆడపిల్లలను, ఈ మండలము విడిపింపుడు. మగపిల్లవాడు చదువుచున్నాడని యింటిల్లిపాదియు గుసగుసలాడుచు, అదే పరీక్షకు కూర్చుండు చెల్లెలిని నాలుగుమారులు వంటయింటిలోనికి పిలుచు కొంపలను నేను చూచియున్నాను. సాయంకాలము పది నిమిషములు పుస్తకము మీ చేత బట్టుకొని అప్పజెప్పించుకొనుడు. మీకు అర్థము కానక్కరలేదు, పేరు చదివిన చాలును.

సీటు రాకపోయిన యేమగునని వెనుక వరుసలోనుండి యెవరో యడిగిరి. భీమవరమున 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ రెండుమారులు తప్పి మూడవమారు గట్టెక్కెను. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రవైద్యాచార్యుని కోపమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. తోనే బయటపడెను. ఆయన హార్వర్డులో ఫిస్కెతో గూడి చేసిన పరిశోధనలవలన వెలికివచ్చినదే మీ జీవశాస్త్ర పుస్తకమున మాటిమాటికి ఎదురగు ఏటీపీ. శ్వాసక్రియ అధ్యాయమును అప్పజెప్పునపుడు ఆ మూడక్షరముల వెనుక ఒక తెలుగువాడు గలడని తలచుకొనుడు.

ఇక మాటలు చాలును. రేపు మధ్యాహ్నము సరిగా రెండు గంటలకు ఇదే చావడిలో పాత ప్రశ్నపత్రము పంచెదను. గడియారము, పెన్ను, నీళ్లసీసా తెచ్చుకొనుడు. అయిదు గంటలకు కాగితములు తీసికొందును. ఎల్లుండి ఉదయము ఆరింటికి పలకలతో రండు. ఎవరి కుప్పలు వారికి చూపెదను.