చెప్పిన ధర – చెల్లించిన ధర

(రైల్వే, తపాలా ఉద్యోగుల ఉమ్మడి విద్యా తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేటి నా అంశమును వినగానే మీలో కొందరు నవ్వుకొని ఉందురు. పెన్షను సమస్య, ఖాళీల భర్తీ, పనిభారము – ఇన్ని మన నెత్తిన ఉండగా చౌక విమానముల టిక్కెట్ల గొడవ మనకెందుకని అడుగవచ్చును. ఇరువది సంవత్సరముల క్రితమైతే నేనును అదే ప్రశ్న వేసి ఉందును. విమానము పెద్ద అధికారుల వాహనము, మనది స్లీపరు పెట్టె అనుకొన్న రోజులవి. నేడు పరిస్థితి మారినది. మన పిల్లలు ఢిల్లీలోను, పూనాలోను, బెంగుళూరులోను ఉద్యోగములు చేయుచున్నారు. పురిటికో, పరీక్షకో, ఆసుపత్రికో మన కుటుంబములు కూడ విమానమెక్కుచున్నవి. పొట్ట చేతపట్టుకొని గల్ఫు దేశములకు పోవు కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల శ్రామికులకు వేరొక దారియే లేదు. కాబట్టి ఇది మన జేబుకు సంబంధించిన విషయము. అంతేకాదు, మనము జీవితమంతా చేసిన ప్రజాసేవ యొక్క నీతికి కూడ సంబంధించిన విషయము.

మొదట ఒక అనుభవమును చెప్పెదను. ఆర్.ఎమ్.ఎస్.లో 35 సంవత్సరములు పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన మా శాఖ సభ్యుడు. ఢిల్లీలో ఉన్న కూతురి పురిటికి భార్యతో కలసి వెళ్లవలసి వచ్చినది. రైలులో బెర్తులు దొరకలేదు. ఆ వారమే పత్రికలో అరపేజీ ప్రకటన: హైదరాబాదు నుండి ఢిల్లీకి 2,999 రూపాయలు. ఇద్దరికి 5,998 అని లెక్క వేసుకొని, మనుమని చేత కంప్యూటరులో టిక్కెట్లు తీయించినారు.

తరువాత జరిగినది వినుడు. పన్నులు, విమానాశ్రయ రుసుములు మనిషికి 780 చొప్పున 1,560. దంపతులు పక్కపక్కన కూర్చొనుటకు సీటుకు 300 చొప్పున 600. ఎవరును అడుగకుండగనే చేర్చిన బీమా 249 చొప్పున 498. సొమ్ము చెల్లించు సమయమున ‘కన్వీనియన్సు ఫీజు’ పేరిట 400 చొప్పున 800. మొత్తము 9,456 అయినది. ఇంతటితో తీరలేదు. మనిషికి 15 కిలోల సామాను మాత్రమే ఉచితము. బాలింతకు కావలసిన కారపు పొడులు, నువ్వుల ఉండలు, అల్లునికి ఇష్టమని ఆవకాయ జాడీ – అన్నియు కలిపి 36 కిలోలు తూగినవి. అదనపు 6 కిలోలకు కిలో 550 చొప్పున 3,300 రూపాయలు కౌంటరు వద్ద నిలబెట్టి వసూలు చేసినారు. 5,998 రూపాయల ప్రయాణము 12,756 రూపాయలకు తేలినది.

తిరిగి వచ్చిన తరువాత ఆయన యూనియను కార్యాలయమునకు వచ్చి నాతో అన్న మాటను నేను మరువలేను. ‘‘నేను 35 సంవత్సరములు పరుల పార్సిళ్లను తూచినాను. తూచకముందే రేట్ల పట్టిక గోడమీద ఉండెడిది. చదువురాని వారికి నేనే చదివి చెప్పెడివాడను. ఇంత అవుతుంది, పంపెదవా అని అడిగిన తరువాతనే బిళ్లలు అంటించెడివారము. నన్నెవరు అడిగినారు?’’ అని ఆయన ప్రశ్న.

సోదరులారా, ఈ ప్రసంగమునకు సారాంశము ఆ ప్రశ్నయే.

ఆ ప్రకటన అబద్ధమా? సంస్థవారిని అడిగిన, ఒక్క అక్షరమును అబద్ధము కాదందురు. 2,999 పక్కన ‘నుండి’ అను చిన్న మాట ఉన్నది. అడుగున చీమ తలకాయంత అక్షరములలో ‘నిబంధనలు వర్తించును’ అని ఉన్నది. ఆ ధరకు ఎన్ని సీట్లు ఉన్నవో మాత్రము ఎచ్చటను లేదు. పైన పటారము, లోన లొటారము అని మన పెద్దలు అన్నది ఇటువంటి వ్యాపారమును చూచియే.

ఈ పద్ధతి ఎట్లు వచ్చినదో కొంచెము వెనుకకు పోయి చూతము. 1953లో విమాన సర్వీసులను జాతీయము చేసినారు. 1994లో ఆ చట్టమును రద్దు చేసి ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరచినారు. 2003లో ఎయిర్ డెక్కన్ చౌక సర్వీసులను ప్రారంభించినది. ఒక్క రూపాయి టిక్కెట్టు అని దేశమంతయు మారుమ్రోగినది. ఎన్నడును విమానము చూడని సామాన్యుడు దానిని ఎక్కగలిగినాడు. ఆ మేలును కాదనుట న్యాయము కాదు. కాని ఒక రూపాయితో ఇంధనపు ఖర్చు కూడ గిట్టదు గదా! గిట్టనిది మరియొక చోట రాబట్టవలెను.

2013లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అనగా డి.జి.సి.ఎ., సీటు ఎంపిక, భోజనము, సామాను మొదలగు వానికి విడివిడిగా రుసుము తీసికొనుటకు అనుమతించినది. విడదీయుట స్వతహాగా తప్పని నేననను. చేతిసంచితో పోవువాడు పక్కవాని పెట్టెకు ఖర్చు ఎందుకు భరించవలెను? అయితే ఆ అనుమతిలో ఒక షరతు ఉన్నది. ప్రయాణికుడు తానై కోరుకొన్న సేవకే రుసుము తీసికొనవలెను గాని, ముందుగనే తగిలించి, వలదనుకొన్న తీసివేసికొనుమనరాదు. విడదీయుట వేరు, దాచుట వేరు. మన అభ్యంతరము దాచుటకు.

ఈ దాచుటను ప్రభుత్వము కూడ తప్పని అంగీకరించినది. 2019 వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదోవ పట్టించు ప్రకటనను నిర్వచించినది. ఆ చట్టము క్రింద 2020లో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అట్టి ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకును, తిరిగి చేసిన 50 లక్షల వరకును జరిమానా వేయవచ్చును. 2023 నవంబరులో ‘డార్క్ పాటర్న్స్’ పేరిట 13 రకముల మోసపు పద్ధతులను నిషేధించుచు మార్గదర్శకములు వెలువడినవి. వానిలో ఒకటి ‘డ్రిప్ ప్రైసింగ్’. అనగా ఒక ధర చూపి, చుక్కచుక్కగా పెంచి, చివర మరియొక ధర వసూలు చేయుట. దానికి ఉదాహరణగా విమాన టిక్కెట్టునే పేర్కొన్నారు. మరియొకటి, కోరని వస్తువును కొనుగోలుదారుని బుట్టలో చాటుగా వేయుట. బీమా వలదన్నవానిచే ‘నేను రక్షణ లేకుండ ప్రయాణించెదను’ వంటి మాట ఒప్పించి సిగ్గుపడజేయుట వేరొకటి. చట్టములున్నవి. వానిని అమలు చేయించు చేతులే తక్కువగా ఉన్నవి. ఫిర్యాదు చేయనివారే ఎక్కువగా ఉన్నారు.

ఇక కార్మికులుగా మనము చూడవలసిన రెండవ వైపు కలదు. చౌక ధరలో దాగిన ఖర్చు ప్రయాణికుని జేబులో మాత్రమే లేదు. అది పనివాని వంటిమీద కూడ ఉన్నది. ఎయిర్ డెక్కనును కలుపుకొన్న కింగ్‌ఫిషర్ సంస్థ 2012 అక్టోబరులో ఆగిపోయినది. నెలల తరబడి జీతములు లేక ఉద్యోగులు వీధిన పడినారు. 2023 మే నెలలో గో ఫస్ట్ ఆగిపోయినది. ముందుగా టిక్కెట్లు కొన్నవారి డబ్బు చిక్కుకొన్నది, సిబ్బంది బ్రదుకులు తలక్రిందులైనవి.

2025 డిసెంబరు సంగతి మీకందరకు జ్ఞాపకమే. పైలట్లకు వారపు విశ్రాంతిని 36 గంటల నుండి 48 గంటలకు పెంచుచు, రాత్రి విధులను తగ్గించుచు నిబంధనలు వచ్చినవి. దేశీయ ప్రయాణికులలో నూటికి 60 మందికి పైగా మోయుచున్న ఇండిగో సంస్థ అందుకు తగినంత సిబ్బందిని సిద్ధము చేసికొనలేదు. వేలాది సర్వీసులు రద్దయినవి. మిగిలిన టిక్కెట్ల ధరలు ఆకాశమునంటినవి. డిసెంబరు 6న ప్రభుత్వము దూరమునుబట్టి 7,500 నుండి 18,000 రూపాయల వరకు గరిష్ఠ పరిమితి విధింపవలసి వచ్చినది. కరోనా కాలములో 2020 మే నుండి 2022 ఆగస్టు వరకు ఇట్లే పరిమితి ఉండెను. తలచుకొన్నచో ప్రభుత్వము ధరలను అదుపు చేయగలదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

ఆ దినములలో చిక్కుబడిన ప్రయాణికులను చేరవేయుటకు రైళ్లకు అదనపు పెట్టెలు తగిలించినారు, ప్రత్యేక రైళ్లు నడిపినారు. ఆ పని చేసినది మన సోదరులే. చాలినంత విశ్రాంతి కొరకు మన లోకో పైలట్లు ఎన్నియేండ్లుగా పోరాడుచున్నారో ఇచ్చటనున్నవారికి చెప్పనక్కరలేదు. పైలట్ల విశ్రాంతి, లోకో పైలట్ల విశ్రాంతి రెండును ఒకే కోరిక. విశ్రాంతిని కోసి చౌకగా అమ్మిన టిక్కెట్టు ఎవరికిని చౌక కాదు.

మరి మన ఇల్లు శుభ్రముగా ఉన్నదా? ఈ ప్రశ్నను తప్పించుకొనరాదు. అట్ట టిక్కెట్టు మీద ఛార్జీ అచ్చువేసి ఇచ్చిన సంస్థ రైల్వే. ఆ ఛార్జీయే ఛార్జీ. అట్టి రైల్వేలో 2016 సెప్టెంబరు 9 నుండి రాజధాని, దురంతో, శతాబ్ది రైళ్లలో సీట్లు నిండినకొలది మూల ఛార్జీ పెరుగు పద్ధతిని ప్రవేశపెట్టినారు. విమాన సంస్థల నుండి నేర్చుకొన్న విద్య అది. ఇంటివద్ద టిక్కెట్టు తీసికొన్నవారి నుండి స్లీపరుకు 15, ఏ.సి.కి 30 రూపాయల వరకు కన్వీనియన్సు ఫీజును, దానిపై జి.ఎస్.టి.ని తీసికొనుచున్నారు. పరులను వ్రేలెత్తి చూపునప్పుడు దీనిని కూడ ఎత్తిచూపుట మన ధర్మము. తపాలా బిళ్లను చూడుడు. దానిపై అచ్చయిన వెలయే దాని వెల. శ్రీనగరు నుండి కన్యాకుమారికి పంపినను, పక్క వీధికి పంపినను ఉత్తరముపై అంటించు బిళ్ల ఒక్కటే. ధరను మొదటనే, పూర్తిగా, అందరకు ఒకే తీరుగా చెప్పు ఈ ఆచారము మన శాఖలు ఈ దేశమునకు ఇచ్చిన ఆస్తి. దానిని మనమే పోగొట్టుకొనినచో ఇతరులను అడుగు నోరు మనకుండదు.

ఇక ఆచరణలో మనము చేయదగినవి చెప్పెదను. ప్రకటనలోని మొదటి అంకెను గాక, సొమ్ము చెల్లించు పుటలోని చివరి అంకెను రైలు ఛార్జీతో పోల్చి చూడుడు. ముందే గుర్తు పెట్టియున్న బీమా మొదలగువానిని తీసివేయుడు. సామానును ఇంటివద్దనే తూచుకొనుడు. 12 సంవత్సరముల లోపు పిల్లలను అదే టిక్కెట్టుపై నున్న తల్లిదండ్రులలో ఒకరి పక్కన కూర్చుండబెట్టవలెనని 2024 ఏప్రిల్‌లో డి.జి.సి.ఎ. ఆదేశించినది. కనుక దానికై భయపడి సీటు కొననక్కరలేదు. టిక్కెట్టు రద్దయినను, ప్రయాణము చేయకపోయినను, ‘డబ్బు వాపసు లేదు’ అని వ్రాసియున్న టిక్కెట్టుకైనను ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇచ్చి తీరవలెను. చాలమందికి ఈ సంగతి తెలియక వేలకువేలు వదలుకొనుచున్నారు.

ఎల్.టి.సి. పై పోవువారు మరింత జాగ్రత్త వహింపవలెను. దారిఖర్చులను, స్థానిక ప్రయాణపు ఖర్చులను శాఖ భరించదు. టిక్కెట్లు గుర్తింపు పొందిన ఏజెంట్ల ద్వారానే తీసికొనవలెను. చౌకగా ఉన్నదని ఇతరచోట కొని, బిల్లు తిరస్కరింపబడిన పిదప మా వద్దకు వచ్చినవారు ఉన్నారు.

మోసము జరిగినచో ఊరకుండవలదు. ప్రకటనను కత్తిరించి ఉంచుడు, తెరపై చూపిన ధరలను ఫోటో తీసి ఉంచుడు. 1915 నెంబరుకు ఫోను చేయుడు. విమానయాన శాఖవారి ఎయిర్ సేవలో ఫిర్యాదు వ్రాయుడు. జిల్లా వినియోగదారుల కమిషనులో 5 లక్షల వరకు రుసుము లేదు, వకీలు లేకుండగనే వాదించుకొనవచ్చును. మా పెద్దాయన చేత అదే చేయించినాము. కోరని బీమా సొమ్ము 498 రూపాయలు తిరిగి వచ్చినది. స్వల్పమే కావచ్చును. కాని వారు తప్పు ఒప్పుకొన్న 498 రూపాయలవి. సామాను సొమ్ము సంగతి ఇంకను తేలలేదు, మేమును వదలలేదు.

చివరగా, ఈ తరగతి ముందు మూడు కోరికలను తీర్మానముగా ఉంచుచున్నాను. ఒకటి, ప్రతి ప్రకటనలోను పన్నులు, రుసుములతో కూడిన పూర్తి ధరను అన్నిటికన్న పెద్ద అక్షరములలో చూపవలెను, ఆ ధరకు ఎన్ని సీట్లు ఉన్నవో చెప్పవలెను. ఐరోపా దేశములలో పూర్తి ధర చూపవలెనను నియమము 2008 నుండియే ఉన్నది. రెండు, విమానమైనను, రైలైనను పనివారి విశ్రాంతి నియమములకు మినహాయింపులు ఉండరాదు. మూడు, రైలు ఛార్జీలలో గిరాకీనిబట్టి ధర పెంచు పద్ధతిని ఎత్తివేయవలెను.

‘‘నన్నెవరు అడిగినారు?’’ అని ఆ పెద్దాయన అడిగినాడు. ఆయన పక్షమున అడుగవలసినవారము మనమే. ఈ తీర్మానమును ఏకగ్రీవముగా ఆమోదించి, మీ మీ శాఖలలో చర్చకు పెట్టవలసినదిగా కోరుచున్నాను.