పిల్లల కాలేజీ ఫీజు, మన సంఘం అప్పు
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



కాలేజీలు తెరిచే రోజుల్లో మన తీర్మానాల పుస్తకాలు చూస్తే ఒకటే మాట మళ్లీ మళ్లీ కనిపిస్తది: "పిల్లల ఫీజు కొరకు అంతర్గత అప్పు." అప్పు ఇచ్చుడు తప్పు కాదు, సంఘం ఉన్నదే అందుకు. కానీ వాటిలో కొన్ని చెయ్యకున్నా గడిచే అప్పులని మాకు ఆలస్యంగా తెలిసింది.

మన సభ్యురాలు ఒకామె బిడ్డకు ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పదో తరగతి మెమోలో ఒక్క అక్షరమే ఉంది. పేరు కలవక ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు ఆగింది. సరిచేయించేసరికి గడువు దాటింది. సంఘం నుంచి 40,000 రూపాయలు, రూపాయి వడ్డీకి తీసుకుంది. మొదట్లో నెలకు వడ్డీయే 400. ఒక్క కిస్తీ తప్పలేదు ఆమె. కానీ కుట్టు మిషను కొనుక్కుందామనుకున్నది మాత్రం పక్కకు పోయింది. ఆ అప్పుకు సంతకాలు పెట్టింది మేమే. కాగితాలు ఒకసారి చూపించమ్మా అని మాలో ఒక్కరమూ అడగలేదు.

అందుకే ఈ ఏడు మేము కూర్చొని ఈపాస్ సంగతి నేర్చుకున్నం. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెడితే సరిపోదు. ప్రింటు, సర్టిఫికెట్లు కాలేజీలో ఇయ్యాలె. మధ్యలో విద్యార్థే మీసేవకు పోయి వేలిముద్ర వెయ్యాలె. తల్లి వేస్తే నడవదు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఉండాలె. హాజరు 75 శాతం తగ్గొద్దు. పై ఏడాదికి పోయినప్పుడు రెన్యువల్ మళ్లీ చెయ్యాలె, చాలామంది మరిచేది ఇదే. తహసీల్దారు ఇచ్చే ఆదాయ పత్రం అందరూ ఒక్కసారే అడుగుతరు, ముందుగా పెట్టుకుంటే నయం.

ఇంకో సంగతి. కన్వీనర్ కోటా సీటుకే రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ సీటుకు, స్పాట్ అడ్మిషన్‌కు రాదు. "చేరండి, స్కాలర్‌షిప్ మేం చూసుకుంటం" అని ఇంటికొచ్చి చెప్పేవాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడగండి: సీటు ఏ కోటాలో? ఇంజనీరింగ్‌లో బీసీ పిల్లలకు ర్యాంకు 10,000 దాటితే సాధారణంగా 35,000 వరకే వస్తది. మిగిలింది మనమే కట్టాలె. ఆ లెక్క కౌన్సెలింగ్‌కు ముందే వేసుకోవాలె, సీటు వచ్చినంక కాదు.

మన కాజీపేట రోడ్డు మీదనే ఉన్న నిట్ లెక్క వేరు. అక్కడ బీటెక్‌లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ పిల్లలకు ట్యూషన్ ఫీజు లేదు. మిగతావాళ్లకు కుటుంబ ఆదాయం లక్ష లోపైతే మొత్తం, లక్ష నుంచి 5 లక్షల వరకైతే మూడింట రెండు వంతులు మాఫీ. హాస్టలు, మెస్ ఖర్చు మాత్రం వేరే. గేటు ముందు నుంచి రోజూ పోతం గానీ ఈ ముచ్చట మనలో ఎంతమందికి తెలుసు?

అన్నీ సరిగా చేసినా సర్కారు సొమ్ము ఆలస్యమైతదని దాచి చెప్పలేం. బకాయి రాలేదని కొన్ని కాలేజీలు పిల్లల్నే కట్టమంటయ్, సర్టిఫికెట్లు ఆపుతయ్. కట్టక తప్పకపోతే రసీదు తీసుకోండి, రీయింబర్స్‌మెంట్ రాగానే వాపసు ఇస్తమని రాయించుకోండి. అట్లాంటప్పుడు సంఘం అప్పు ఇయ్యాల్సిందే. రీయింబర్స్‌మెంట్ వచ్చినంక ఆ సొమ్ము మళ్లీ సంఘానికే చేరాలె.

ఇప్పటి నుంచి ఫీజు అప్పు అడిగితే మేము దరఖాస్తు నంబరు అడుగుతం. అప్పు ఆపనీకి కాదు, కోపం చెయ్యొద్దు. నంబరు లేకుంటే ఆ రోజే పక్కన కూర్చొని పెట్టిస్తం.

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలున్నవాళ్లు భోజనాలకు లేవకముందే మన ఆర్పీ దగ్గర పేరు రాయించండి. వచ్చే నెల మీటింగుకు ఆధార్, పదో తరగతి మెమో జిరాక్సులు తెండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం చూద్దాం.