మనవలతో వైజాగ్: రూమ్ బుక్ చేసే ముందు ఒక్క ఫోన్ చెయ్యండి

ఫ్యాను ఆపేశాను, చప్పుడు రికార్డవుతోందని మావాడు గొడవ. మధ్యలో చెమట తుడుచుకుంటే ఏమీ అనుకోకండి.

ఈరోజు సంగతి మీకోసమే. మీకంటే ఇరవై, పాతికేళ్ళ వాళ్ళకి. "మనవల్ని తీసుకుని ఊరెళ్తే ఎక్కడ దిగాలి అనేది పెద్దవాళ్ళ గోల, మాకెందుకు" అనుకుంటున్నారేమో. రూమ్ బుక్ చేసేది మీరేనండీ బాబూ! మేము కళ్ళజోడు వెతుక్కునేలోపు మీరు ఫోను తీసి, నాలుగు ఫోటోలు చూసి, డబ్బులు కట్టేసి, "అయిపోయిందమ్మా" అంటారు. ఆ గదిలో మూడు రాత్రులు పడుకునేది మాత్రం మేమూ, మీ అక్క పిల్లలూ.

మాది రాజమండ్రి. కిందటేడు దసరా సెలవులకి మా అమ్మాయి హైదరాబాదు నుంచి పిల్లలిద్దర్నీ మా దగ్గర దించి వెళ్ళింది. అల్లుడికీ దానికీ ఇద్దరికీ సెలవు దొరకలేదు. పెద్దది పదేళ్ళది. చిన్నాడికి అప్పటికి నాలుగు నిండి రెండు నెలలు. గోదావరి గట్టు, అరటిపళ్ళు, పక్కింటి కుక్కపిల్ల, అన్నీ మూడు రోజుల్లో అయిపోయాయి. నాలుగోరోజు నుంచి ఒకటే పాట, "అమ్మమ్మా, సముద్రం". సరే, వైజాగ్ ఎంత దూరం, పొద్దున్న రత్నాచల్ ఎక్కితే భోజనాల వేళకి దిగుతాం కదా అనుకున్నాం.

బుక్ చేసింది మా అబ్బాయి, బెంగళూరులో ఉంటాడు. వాడూ మీలాంటివాడే. "అమ్మా, బీచ్ రోడ్డులో, సముద్రానికి ఎదురుగా, ఐదో అంతస్తు, బాల్కనీ ఉంది. నాన్న కాఫీ తాగుతూ సూర్యోదయం చూస్తాడు" అన్నాడు. ఎంత ప్రేమగా చేశాడో నాకు తెలుసు, అందుకే వాణ్ణి నేను ఒక్క మాట అనలేదు. హోటల్ పేరు అడక్కండి, చెప్పను. ఆ హోటల్ మంచిదే. కొత్త జంటలు వెళ్తే హాయిగా ఉంటుంది.

స్టేషన్లో దిగి ఆటోలో హోటల్‌కి వెళ్ళాం. మొదటి దెబ్బ, చెక్ ఇన్ రెండింటికి అన్నారు. ఆకలేస్తోందని ఒకడు, బాత్రూమ్ అని ఒకత్తె, గంటన్నర లాబీలో కూర్చున్నాం. మన ఊళ్ళల్లో మామూలు లాడ్జీల్లో చాలాచోట్ల ఇరవై నాలుగ్గంటల లెక్క ఉంటుంది, మీరు ఎప్పుడు దిగితే అప్పట్నుంచే రోజు మొదలు. మధ్యాహ్నం దిగే రైలుకి అది ఎంత సుఖమో. పెద్ద హోటళ్ళలో అలా ఉండదు. యాప్‌లో ఆ టైము కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, మీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా, చూడండి.

రెండోది, "లిఫ్ట్ ఉంది" అని రాశారు. ఉంది. కానీ రోడ్డు మీదనుంచి లిఫ్ట్ దాకా తొమ్మిది మెట్లు. మా వారి మోకాళ్ళ సంగతి మీకు తెలిసిందే. రోజుకి మూడుసార్లు దిగి ఎక్కితే ఆ లెక్క మీరే వేసుకోండి.

మూడోది, రిసెప్షన్లో అమ్మాయి మా ఆధార్లు చూసి, పిల్లలవి అడిగింది. ఇంటిపేరు వేరు కదా, "పిల్లలు మీకేమవుతారు?" అంది. నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజం. తర్వాత ఆలోచిస్తే అడగడమే మంచిదనిపించింది, ఎవరి పిల్లల్నో తీసుకొచ్చేవాళ్ళని ఎవరో ఒకరు అడగాలిగా. ఆధార్లు మా అమ్మాయి ఫోన్లో ఉన్నాయి, అది మీటింగులో ఉంది. మీరు చెయ్యాల్సిన పని ఒకటే. బుక్ చేసిన రోజే పిల్లల ఆధార్ ఫోటోలు తాతయ్య వాట్సాప్‌కి పంపించి, గ్యాలరీలో సేవ్ చేయించండి. ఒక జిరాక్స్ కూడా సంచిలో వెయ్యండి, ఫోను చార్జింగు అయిపోతుంది.

ఇవన్నీ చిన్న చికాకులు. ఇక అసలు సంగతి.

గది అద్దంలా ఉంది. తలుపు తియ్యగానే నీలంగా సముద్రం. చీకటి పడ్డాక నీళ్ళల్లో ఓడలు, హార్బరులోకి వెళ్ళడానికి లైను కట్టి ఆగుతాయి కదా, వాటి దీపాలు. చిన్నాడు "ఓడలు, ఓడలు" అని గంతులు. బాల్కనీలో రెండు కుర్చీలు, ఒక చిన్న టీ బల్ల. నేను స్నానానికి వెళ్ళాను. మా వారు మంచం మీద నడుం వాల్చి వార్తలు చూస్తున్నారు. పెద్దది ఫోన్లో ఏదో గేమ్. అందరం గదిలోనే ఉన్నాం, ఎవరం నిర్లక్ష్యంగా లేం. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

నేను బయటికొచ్చేసరికి బాల్కనీ తలుపు జానెడు తెరిచి ఉంది. వాడు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. రెండు చేతులూ రెయిలింగ్ మీద, పొట్ట రెయిలింగ్‌కి ఆనించి, కింద ఏదో చూస్తున్నాడు. కాలి వేళ్ళ మీద లేచాడు.

నేను అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడతాడని ఎలా తోచిందో నాకే తెలీదు. చెప్పుల్లేకుండా, తడి కాళ్ళతో, నాలుగు అడుగులు. వెనకనుంచి నడుం పట్టుకుని ఎత్తాను. వాడు నవ్వుతున్నాడు. "అమ్మమ్మా, చూశావా, ఓడలో ఇల్లుంది" అన్నాడు.

[కాసేపు ఆగి]

మంచినీళ్ళు తాగుతాను, ఉండండి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరుగా చేశాను, బుర్ర అటే పోతుంది. మన దేశంలో జాతీయ భవన నియమావళి అని ఒకటుంది, అందులో బాల్కనీ రెయిలింగ్ కనీసం ఒక మీటరు ఎత్తుండాలని చెప్తారు. ఆ హోటల్లో కూడా సుమారు అంతే ఉంది, అంటే వాళ్ళు తప్పేమీ చెయ్యలేదు. మామూలు కుర్చీ ఎత్తు నలభై అయిదు సెంటీమీటర్లు. మీటర్లోంచి అది తీసెయ్యండి, మిగిలింది యాభై అయిదు. నాలుగేళ్ళ పిల్లాడు సుమారు మీటరు పొడవుంటాడు, ఆ యాభై అయిదు వాడి పొట్ట దగ్గరికి వస్తుంది. పిల్లలకి ఒళ్ళు మొత్తం మీద తల బరువు ఎక్కువ. కాస్త ముందుకి వంగితే చాలు. పెద్దవాళ్ళ కోసం కట్టిన రెయిలింగ్ కుర్చీ వెయ్యగానే పిల్లాడికి గడప అయిపోయింది.

మా వారు కుర్చీలు రెండూ లోపల పెట్టారు. "అయిపోయిందిగా, తలుపేసుకుందాం, డబ్బులు కట్టేశాం" అన్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. కానీ ఆ తలుపు పక్కకి జరిపేది, గడియ వాడికి అందే ఎత్తులో ఉంది, తియ్యడం వాడికి వచ్చేసింది. రిసెప్షన్‌కి ఫోన్ చేసి తాళం ఉందా అంటే లేదన్నారు. కింది అంతస్తు గది అడిగాను, దసరా రద్దీ, ఖాళీ లేదన్నారు. చివరికి నేను దిండు తెచ్చుకుని ఆ తలుపుకి అడ్డంగా కింద పడుకున్నాను. అరవై మూడేళ్ళ వయసులో, నాలుగున్నర వేలు పోసి, నేల మీద.

ఇది మా అమ్మాయికి చెప్పాలా, వద్దా? నిజం చెప్తాను, చెప్పకూడదనే అనుకున్నాను. చెప్తే ఇంకెప్పుడైనా పిల్లల్ని మాతో పంపిస్తుందా? మా వారూ అదే అన్నారు, "ఏమీ కాలేదుగా, ఎందుకు దాన్ని బెదరగొట్టడం" అని. పొద్దున్న వీడియో కాల్ చేసింది. ఫోన్ వాడి చేతికి ఇచ్చాను. వాడు మొట్టమొదట చెప్పిందే అది: "అమ్మా, నేను కుర్చీ ఎక్కి ఓడ చూశా!"

"ఏ కుర్చీ అమ్మా?" అంది నన్ను.

అంతా చెప్పాను, దాచలేదు. అది చాలాసేపు మాట్లాడలేదు. నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత ఒకటే అంది, "అమ్మా, నువ్వు నేల మీద పడుకోకు. వేరేచోటికి మారండి. డబ్బులు పోతే పోనీ". పోయాయి కూడా. రిఫండ్ లేని బుకింగ్, కొంచెం చవగ్గా వస్తుందని మావాడు అది నొక్కాడు. నాలుగు వందలు మిగిల్చాడు, రెండు రాత్రుల డబ్బు పోయింది. మనవలతో వెళ్ళేటప్పుడు ఆ నాలుగు వందలకి ఆశపడకండి, పిల్లలకి ప్రయాణం ముందురోజే జ్వరం వస్తుంది.

ఆరోజు పొద్దున్న యాప్ పక్కన పెట్టి నేనే ఫోన్లు చేశాను, ఏడు చోట్లకి. పెద్దది పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో రాసింది. ఏం అడిగానంటే: ఎన్నో అంతస్తు? బాల్కనీ తలుపుకి పైన గడియ ఉందా? కిటికీలకి ఊచలున్నాయా? రోడ్డు నుంచి లిఫ్ట్‌కి మెట్లెన్ని? అదనపు మంచం అంటే మంచమా, నేల మీద పరుపా? (మూడు చోట్ల పరుపే.) వేడినీళ్ళు ఏ టైములో వస్తాయి? బాత్రూమ్ గచ్చు నున్నగా ఉంటుందా? రాత్రి రిసెప్షన్లో మనిషుంటాడా, పిల్లాడికి ఒంట్లో బాగోకపోతే ఆటో పిలవడానికి?

ఇంకోటి, ఇది ఎవరూ అడగరు: "మీ కింద ఫంక్షన్ హాలు ఉందా?" ముహూర్తాల రోజుల్లో పెళ్ళి హాలు మీద గది దొరికిందంటే అర్ధరాత్రి దాకా డీజే, తెల్లవారుజామున సన్నాయి. మా తోడికోడలు కాకినాడలో అలా రెండు రాత్రులు జాగారం చేసింది.

ఏడు చోట్లలో ఇద్దరు విసుక్కున్నారు. ఒకాయన "మేడమ్, అంత అనుమానమైతే ఇంట్లోనే ఉండండి" అన్నాడు. ఫోన్లో విసుక్కునేవాడు రాత్రి రెండింటికి తలుపు కొడితే ఏం తీస్తాడు? ఆ ఇద్దరినీ కొట్టేశాను.

చివరికి ఎంవీపీ కాలనీలో రెండు పడకగదుల ఫ్లాటు, మొదటి అంతస్తు, కింద ఇంటావిడ ఉంటుంది. కిటికీలన్నిటికీ ఊచలు. సముద్రం కనపడదు, ఎదురుగా ఎవరిదో మామిడిచెట్టు. రోజుకి మూడువేలు. బీచ్ రోడ్డులో అయితే మా నలుగురికీ రెండు గదులు కావాలి, రెండు గదులంటే పిల్లలు ఎవరి దగ్గర అన్న తగువు. ఫ్లాటులో స్టవ్ ఉంది, పాలు కాచుకోవచ్చు, చిన్నాడికి పెరుగన్నం కలపొచ్చు. మూడు పూటలా హోటల్ తిండి తింటే పిల్లల పొట్ట రెండోరోజుకే తిరగబడుతుంది. పైగా మధ్యాహ్నం రెండు గంటలు వాడు పడుకుంటే, ఇంకో గదిలో మేం లైటు వేసుకుని మాట్లాడుకోగలిగాం. ఒక్క గదిలో దిగితే ఎనిమిదింటికి పిల్లాడు పడుకోగానే అందరూ చీకట్లో దెయ్యాల్లా కూర్చోవాలి.

వైజాగ్ గురించి ఇంకో మాట. మ్యాప్‌లో "బీచ్‌కి 700 మీటర్లు" అని చూపిస్తుంది. అది కొండల ఊరండీ. బీచ్‌కి దిగడం పల్లం, తిరిగి రావడం మిట్ట. పిల్లాణ్ణి చంకనేసుకుని మిట్ట ఎక్కితే 700 మీటర్లంటే ఏమిటో తెలుస్తుంది. స్ట్రీట్ వ్యూ ఉంటే తెరిచి ఆ రోడ్డు మీద ఓసారి నడవండి, గుమ్మం ముందు మెట్లు కూడా అందులోనే కనపడతాయి. హోటల్ వాళ్ళు పెట్టిన ఫోటోలు కాదు, దిగినవాళ్ళు పెట్టినవి చూడండి. రివ్యూల్లో "లిఫ్ట్", "కిడ్స్" అని వెతకండి. కొత్తవి ముందు చదవండి.

రుషికొండ వైపు దిగుదామని కొందరంటారు. ఇసుక బాగుంటుంది, నిజమే. కానీ స్టేషన్, కాంప్లెక్స్, పెద్దాసుపత్రి అన్నీ ఊళ్ళో ఉంటాయి. పిల్లలతో అయితే నేను ఊళ్ళోనే దిగుతాను, సముద్రం దగ్గరికి ఆటోలో వెళ్తాను. ఆర్కే బీచ్‌లో మాత్రం పాదాలు తడుపుకోవడం వరకే, అక్కడ లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, పిల్లాడి చెయ్యి వదలొద్దు.

మేం కురుసుర సబ్‌మెరైన్ చూశాం. 2001లో నౌకాదళం నుంచి విరమించుకుంది, మరుసటేడు మ్యూజియం చేశారు. లోపల ఇరుకు దారి, వంగి వంగి నడవాలి. మా వారు బయటే బెంచీ మీద కూర్చున్నారు. చిన్నాడికి అది స్వర్గం. జూ కూడా వెళ్ళాం. సోమవారం రెండిటికీ సెలవు, ఆదివారం రాత్రి దిగేలా బుక్ చెయ్యకండి.

మా అబ్బాయికి అక్క ఫోన్ చేసి చెప్పిందట. నాకు మాత్రం వారం దాకా ఫోన్ చెయ్యలేదు. తర్వాత ఓ అర్ధరాత్రి మెసేజ్ పెట్టాడు, "అమ్మా, బాల్కనీ నేనే అడిగి మరీ తీసుకున్నాను" అని. నేనేం రాయాలో తెలీక, చిన్నాడు మామిడిచెట్టు కింద నిలబడ్డ ఫోటో పంపాను.

సంక్రాంతికి పిల్లలు వస్తారో రారో అని రెండు నెలలు మథనపడ్డాను. వచ్చారు. ఇప్పుడు వేసవికి మైసూరు అంటున్నారు. నిన్న మా అమ్మాయి ఒక లింకు పంపించింది, "ఇది ఎలా ఉంటుందో నువ్వే కనుక్కో అమ్మా" అని. పొద్దున్న ఫోన్ చేశాను. ఎత్తినాయన కన్నడం, నాకు రాదు. వచ్చీరాని హిందీలో బాల్కనీ తలుపు గురించి అడిగితే, "ఒక్క నిమిషం" అని వెళ్ళి, నిజంగానే తలుపు దగ్గరికెళ్ళి గడియ ఫోటో తీసి పంపించాడు. పైనే ఉంది. మెట్లెన్నో ఇంకా అడగాలి.

ఉంటాను మరి. ఫ్యాను వేసుకోవాలి.