తీరాన వెలిగే దీపం



శ్రీకూర్మంలో స్వామిని కూర్మరూపంలో సేవించుకునే మనకు తాబేలు పరాయి ప్రాణి కాదు. ఏటా శీతకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన కోస్తా తీరానికి వచ్చి, ఇసుక గుంటలో సుమారు 100 గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. 45 నుండి 60 రోజులకు, సాధారణంగా రాత్రివేళ, పిల్లలు పైకి వస్తాయి. తల్లి ఉండదు, దారి చూపేది ఆకాశమే. సరుగుడు తోటల వైపు దిగంతం ఎత్తుగా, చీకటిగా ఉంటుంది. సముద్రం మీది ఆకాశం చుక్కల వెలుగుతోనో, వెన్నెలతోనో కొంత తెల్లగా, నీటి అంచుదాకా దిగి కనబడుతుంది. ఆ వెలుగు వైపుకే అవి పరుగుతీస్తాయి.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. మా తీరంలోని ఆలయానికి ఫ్లడ్‌లైటు సమర్పించినవాడను నేనే. స్తంభంపై పేరు కూడా చెక్కించుకున్నాను! ఒకనాడు సుప్రభాతసేవకు వెళ్ళేసరికి ఆ స్తంభం చుట్టూ ఇసుకలో చిన్న చిన్న జాడలు సుళ్ళు తిరిగి ఉన్నాయి. కుక్కలు మాకంటే ముందే వచ్చాయి. మిగిలిన 11 పిల్లలను అర్చకస్వామి, నేను ఉత్తరీయంలో మోసుకుపోయి తడి ఇసుకపై విడిచాము.

ఇప్పుడు ఆ దీపానికి సముద్రం వైపు రేకు అడ్డు కట్టించాము. ఫాల్గుణ, చైత్ర మాసాలలో పవళింపు సేవ కాగానే ఆర్పివేస్తున్నాము. తీరాలయాలకు దీపాలు సమర్పించదలచిన దాతలు స్తంభం నాటకముందు ఒక రాత్రి అక్కడ నిలబడి, వెలుగు ఎటు పడుతుందో చూడవలసిందిగా నా ప్రార్థన.