రిలీజు అంటే విడుదలేనా?



రిలీజు అనేది ఇంగ్లీషు మాటని మనలో చాలామందికి గుర్తే ఉండదు. కొత్త సినిమా రిలీజయిందంటాం. ప్రకాశం బ్యారేజి నుంచి కాలవలకు నీళ్ళు రిలీజు చేశారంటాం. వీటన్నిటికీ విడుదల అనే మన మాట చక్కగా సరిపోతుంది. తాకట్టులో ఉన్న గాజులకు మాత్రం విడిపించడమనే అంటాం. ఆ మాటే బాగుంది కూడాను.

అయితే రిజిస్ట్రారాఫీసులో రిలీజు డీడు అని ఒక కాగితం ఉంది. తెలుగులో హక్కు విడుదల దస్తావేజు. పేరు వింటే ఇంటికో పొలానికో ఏదో చెర వదిలినట్టు తోస్తుంది. అక్కడ వదిలేది మన హక్కుని! "నా వాటా వదులుకున్నాను" అని రాసివ్వడమే దాని అర్థం. విడిపించడానికీ, వదులుకోవడానికీ ఇంగ్లీషులో అదే మాట. మన భాషలో ఆ రెంటికీ మధ్య ఆమడ దూరం.

నాన్నగారు పోయాక ఆడపడుచుకి చీర పెట్టి, "ఊరికే చిన్న సంతకం అమ్మా" అంటారు. అన్నదమ్ములు చెడ్డవాళ్ళని నేననను. పుట్టింటి రాకపోకలు ఎక్కడ చెడతాయోనని మనమూ చదవకుండానే పెట్టేస్తాం.

హిందూ కుటుంబాల్లో తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా మిగిలితే, 1956 చట్టం నుంచీ కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది. పిత్రార్జితంలో వాటాను అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి ఇచ్చారు గాని, అప్పటికే పెళ్ళయినవాళ్ళకు లేదన్నారు. అదేం న్యాయమో! 2005 సెప్టెంబరు 9న దేశమంతటికీ వచ్చిన సవరణతో ఆ పట్టింపు పోయింది. ఆ తేదీకి తండ్రి బ్రతికి లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతో వచ్చినదేనని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా రిజిస్టరయిన పంపకాలను మాత్రం తిరగదోడరు.

ఇష్టపడి తమ్ముడికి వదిలేస్తానంటే కాదనడానికి నేనెవర్ని? కాని ఏ సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, బదులుగా ఏమిస్తున్నారో అందులో రాసి ఉండాలి. ఖాళీలున్న కాగితం మీద సంతకం వద్దు. రిజిస్టరయ్యాక వెనక్కి తీసుకోవాలంటే కోర్టు మెట్లెక్కాలి. అందుకని దస్తావేజు నకలు ఒకటి ముందుగానే ఇంటికి తెప్పించుకుని, తెలిసినవాళ్ళచేత చదివించుకుని, మర్నాడు వస్తానని చెప్పండి.