పేకముక్కలతో బ్రతుకు బండి నడుచునా?

(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినము మనం ఆలోచించబోయే అంశం కొందరికి వింతగా తోచవచ్చు. పోకర్ అనే పేకాటను వృత్తిగా చేసుకొని బ్రతకవచ్చునా? ఇదీ ప్రశ్న. "రేడియోలో ఈ మాటలేమిటండీ?" అని పెద్దలు అనుకోవచ్చు. కాని మన బిడ్డలు న్యూజెర్సీలో ఉన్నారు, లాస్ వేగాస్‌కు వెళ్లి వస్తున్నారు. అక్కడ ఈ ఆట చట్టబద్ధమే. న్యూజెర్సీలో 21 ఏళ్లు నిండినవారు ఇంట్లో కూర్చుండి డబ్బు పెట్టి ఆడవచ్చు, 2013 నవంబరు నుండి. మనం మాట్లాడకపోతే వారితో వేరెవరో మాట్లాడతారు.

కనుక యౌవనస్థుడా, నీతో సూటిగా మాట్లాడతాను. పగలంతా ఆఫీసు పని, రాత్రి కంప్యూటరు ముందు ఆట. మూడు నెలలుగా లాభమే. "ఈ ఉద్యోగమెందుకు, రాజీనామా చేస్తే పోదా?" అని నీ మనసు అంటోంది. ఆ కాగితం పంపక ముందు ఒక్క అరగంట నా మాట విను.

మొదట న్యాయంగా ఒక మాట చెప్పాలి. పోకర్ గుడ్డి అదృష్టమని నేను అనను. 1968లో మన సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు రమ్మీ ముఖ్యంగా నైపుణ్యపు ఆట అని తీర్పు చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి అన్నది. మూడు ముక్కలాట అలాంటిది కాదనీ అన్నది. పోకర్‌లో కూడా లెక్క ఉంది, ఓర్పు ఉంది. నేర్చినవాడు నేర్వనివానిని దీర్ఘకాలంలో ఓడిస్తాడు. ఇది నిజం. అయితే ప్రియుడా, నైపుణ్యం ఉన్న ఆట వేరు, ఇల్లు నడిపే వృత్తి వేరు.

ఆ నైపుణ్యం ఎలాంటిదో ఒక ఉదాహరణతో చూద్దాం. బల్ల మధ్య కుప్పలో 100 డాలర్లు ఉన్నాయి. ఎదుటివాడు 50 పెట్టాడు. నీ చేతిలో రెండు ఆఠీన్లు, బల్ల మీద తెరచిన నాలుగు ముక్కలలో రెండు ఆఠీన్లు. ఇక తెరవవలసింది ఒక్క ముక్క. అది ఆఠీను అయితే కుప్ప నీది, కాకపోతే ఎదుటివానిది. ఆ తర్వాత మరి పందెం లేదనుకుందాం. నీవు 50 పెడితే కుప్ప 200 అవుతుంది. అంటే నూటికి 25 సార్లు గెలిస్తేనే నీకు సరిపోతుంది. మిగిలిన ఆఠీన్లు 9, నీవు చూడని ముక్కలు 46. గెలిచే అవకాశం నూటికి 20 కంటె తక్కువ. కనుక ముక్కలు పడవేయాలి. పెట్టినట్లయితే, ప్రతిసారి సగటున సుమారు 11 డాలర్లు పోగొట్టుకుంటావు. ఒక్కోసారి ఆఠీను వస్తుంది, నీవు కేకలు వేస్తావు. గెలిచావు గాని తప్పు చేశావు! గమనించు. ఈ ఆటలో తప్పు చేసినవానికి బహుమానం, సరిగా చేసినవానికి దెబ్బ తరచుగా వస్తుంటాయి. అందుకే ఇది మనిషిని మోసపుచ్చుతుంది.

ఆ మోసం ఎంత లోతైనదో ఇప్పుడు లెక్క వేద్దాం. కొంచెం ఓపిక పట్టు. ఒకటి, రెండు డాలర్ల నిర్బంధ పందెంతో నడిచే ఆన్‌లైన్ బల్ల అనుకో. నీవు మంచి ఆటగాడివి. క్లబ్బు వాటా పోగా ప్రతి 100 పంపకాలకు సగటున 10 డాలర్లు మిగులుతాయి. ఈ రోజుల్లో అది చక్కని ఫలితమే. కాని అదే 100 పంపకాలలో ఎగుడుదిగుడు సుమారు 180 డాలర్లు ఉంటుంది. పంపకాలు నూరింతలైతే లాభం నూరింతలవుతుంది, ఎగుడుదిగుడు మాత్రం పదింతలే అవుతుంది. అంటే 10,000 పంపకాలకు నీకు రావలసింది 1,000 డాలర్లు, ఊపు 1,800 డాలర్లు. దీని అర్థమేమిటి? నిజంగా గెలిచే నైపుణ్యం ఉన్నవారు పదిమంది ఇన్ని పంపకాలు ఆడితే సుమారు ముగ్గురు నష్టంతో లేస్తారు.

ఇక రెండవ వైపు చూడు. అంతే మొత్తం నష్టపోయే స్థాయిలో ఆడేవారు పదిమంది ఉన్నారనుకో. వారిలోను సుమారు ముగ్గురు 10,000 పంపకాల తర్వాత లాభంలో ఉంటారు. ఆ ముగ్గురూ ఏమనుకుంటారు? "నేను గెలిచేవాణ్ణి, రుజువైంది" అనుకుంటారు. వారిలో ఒకడు ఉద్యోగం మానేస్తాడు. ఆ ఒకడివి నీవు కావని ఎలా తెలుసు? మూడు నెలల లాభం నీకు సాక్ష్యం కాదు తమ్ముడా. లక్ష పంపకాలు ఆడి, ప్రతి కూర్చుండుటను పుస్తకంలో వ్రాసుకొని, అప్పుడు చూడు. అప్పటికి కూడా మంచి ఆటగాళ్లలో పాతికమందికి ఒకరు నష్టంలోనే ఉంటారు.

సరే, నీవు నిజంగా గెలిచేవాడివే అనుకుందాం. గోపురం కట్టదలచినవాని ఉపమానం మీకందరికీ తెలిసినదే. పునాది వేయకముందే అతడు ఖర్చు లెక్క చూచుకోవాలి గదా! నీవూ చూచుకో. నాలుగు బల్లల మీద ఒకేసారి ఆడితే గంటకు సుమారు 240 పంపకాలు, గంటకు 24 డాలర్లు. అందులో నుండి పన్ను కట్టాలి. ఆరోగ్య బీమా నీవే కొనుక్కోవాలి. జబ్బుపడిన రోజుకు జీతం లేదు, ముసలితనానికి దాచిపెట్టే యజమాని లేడు. ఆటకు పెట్టుబడిగా 50 సార్లు కూర్చునేంత సొమ్ము కావాలి. కూర్చున్నప్పుడల్లా 200 డాలర్లు అనుకుంటే, అది 10,000 డాలర్లు. అది గాక, ముట్టుకోకుండా ఒక సంవత్సరం ఇంటి ఖర్చు వేరుగా ఉండాలి. ఈ రెండు సంచులను కలిపినవాడు అద్దె కట్టే వారంలో భయపడి ఆడతాడు. భయపడి ఆడినవాడు తప్పు ఆడతాడు.

హెచ్-1బి వీసా మీద ఉన్నవారు ఇంకొక సంగతి గమనించాలి. ఆ వీసా నీ యజమానితో ముడిపడి ఉన్నది. ఉద్యోగం మానితే గరిష్ఠంగా 60 దినాల గడువు. పేకాట ఆ వీసాను నిలబెట్టదు. పోనీ మన దేశానికి వచ్చి ఆడతానంటావా? ఆన్‌లైన్ డబ్బు ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా వాటిని నిషేధించింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా కూడా చూడలేదు. ఆ నెలలోనే పెద్ద సంస్థలు డబ్బు ఆటలు ఆపివేశాయి. దానిమీదనే బ్రతుకు పెట్టుకున్నవాని సంగతి ఆలోచించు. ఒక్క సంతకంతో అతని పొలం ఎండిపోయింది.

"మరి మనీమేకర్ సంగతేమిటి?" అంటావు. అవును. క్రిస్ మనీమేకర్ టెన్నెసీకి చెందిన అకౌంటెంటు. కొద్ది సొమ్ముతో ఆన్‌లైన్ పోటీలో ప్రవేశం సంపాదించి, 2003లో లాస్ వేగాస్‌లో ప్రపంచ పోటీ గెలిచాడు. బహుమానం 25 లక్షల డాలర్లు. ఆ వార్త విని లోకమంతా పరుగెత్తింది. 2003లో ఆడినవారు 839 మంది, 2006లో 8,773 మంది. గెలిచినవాని ఫోటో పత్రికలో పడింది. మిగిలిన 838 మంది ఫోటోలు నీవు చూశావా? అప్పటికీ ఇప్పటికీ ఆట కూడా మారిపోయింది. 2019లో ప్లూరిబస్ అనే కంప్యూటరు ప్రోగ్రాము ఆరుగురు కూర్చునే బల్ల మీద ఆరితేరిన ఆటగాళ్లను ఓడించింది. అలాంటి లెక్కలు నేర్పే సాధనాలతో సాధన చేసినవారే నేడు నీ ఎదుట కూర్చుంటారు.

ఇక హృదయం సంగతి. స్టూ ఉంగర్ అనే ఆటగాడు ఉండేవాడు. 1980, 1981, 1997 సంవత్సరాలలో అదే ప్రపంచ పోటీ గెలిచాడు. ముక్కలు చదవడంలో అతనికి సాటి లేరని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1997లో బహుమానం పది లక్షల డాలర్లు. మరుసటి సంవత్సరం నవంబరులో, 45 ఏళ్ల వయసులో, లాస్ వేగాస్ మోటెల్ గదిలో చనిపోయి కనబడ్డాడు. దగ్గర మిగిలింది సుమారు 800 డాలర్లు. మాదకద్రవ్యాలు, ఇతర పందేలు అతన్ని తినివేశాయి. అందరూ ఇలా అవుతారా? కారు. డాయల్ బ్రన్సన్ 1976, 1977లో గెలిచి, దశాబ్దాలు ఆడి, 2023లో 89 ఏళ్లకు కన్నుమూశాడు. కాని గ్రహించవలసింది ఇది: ఉంగర్‌కు నైపుణ్యం తక్కువై కాదు. బల్ల మీద గెలిచే తెలివి, బల్ల నుండి లేచే తెలివి ఒకటి కావు.

చివరిగా, అన్నిటికంటె బరువైన ప్రశ్న. నీకు వచ్చే డాలరు ఎక్కడి నుండి వస్తుంది? దర్జీ చొక్కా ఇచ్చి డబ్బు తీసుకుంటాడు. రైతు గింజ ఇచ్చి తీసుకుంటాడు. పోకర్ బల్ల మీద ఏదీ పండదు. ఒకడు పోగొట్టుకున్నదే, క్లబ్బు వాటా పోగా, ఇంకొకనికి వస్తుంది. సరదాకు వచ్చి, పోగొట్టుకోగలిగినంతే పోగొట్టుకొనేవారు ఉన్నారు, ఒప్పుకుంటాను. కాని వృత్తిగా ఆడేవాని మొదటి నియమం ఏమిటో తెలుసా? మంచి బల్ల ఎంచుకోవడం. మంచి బల్ల అంటే? తనకంటె బలహీనులు ఉన్న బల్ల. తాగినవాడు, కసి మీద ఆడేవాడు, పోయినది తిరిగి రాబట్టాలని అప్పు తెచ్చినవాడు. అలాంటివాడు లేచి వెళ్లిపోతుంటే నీవు సంతోషిస్తావా, విచారిస్తావా? ఆడుకొనేటప్పుడు ఈ ప్రశ్న లేదు. ఇంటి అద్దె దీనిమీద ఆధారపడిన దినాన, ఆ మనిషి ఇంకొక గంట కూర్చోవాలని నీవు కోరుకోక తప్పదు. నీ పొరుగువాని పతనం నీ జీతమవుతుంది. ఈ లెక్క ఏ కంప్యూటరూ వేసి పెట్టదు.

కనుక ప్రియ యౌవనస్థుడా, ఈ వారం నాలుగు పనులు చెయ్యి. నీ గెలుపు ఓటములన్నీ కాగితం మీద వ్రాయి, ఒక్కటి విడువకుండా. ఇంటి ఖర్చును ఆట సొమ్మునుండి వేరు చెయ్యి. ఆ కాగితం నీ భార్యకు గాని, నీ తల్లిదండ్రులకు గాని చూపించు. చూపించడానికి చెయ్యి వెనుకాడితే, జవాబు నీకు అప్పుడే దొరికినట్టు. నాలుగవది, బల్ల దగ్గర నీ ఎదుట కూర్చున్నవాని ముఖం చూడు. ముక్కలు కాదు, ముఖం.

తల్లిదండ్రులారా, బిడ్డ ఆ కాగితం తెచ్చి మీ ముందు పెట్టినప్పుడు కేకలు వేయకండి. కేకలకు భయపడే అప్పులు దాస్తారు. కూర్చోబెట్టి అన్నం పెట్టి, తర్వాత లెక్క చూడండి. ఆట మానలేక, అప్పుల్లో పడి నలిగిపోతున్నవారు ఎవరైనా మన దేశంలో ఈ మాటలు వింటుంటే, ప్రభుత్వ టెలీ మానస్ సహాయ నంబరు 14416కు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు. పోయిన సొమ్ము కోసం ప్రాణం పెట్టవద్దు. సొమ్ము మళ్లీ సంపాదించుకోవచ్చు, మీరు మాత్రం మీ ఇంటివారికి ఒక్కరే.

లెక్క చూచుకొనే వివేకము, లేచి రాగలిగే ధైర్యము మీకందరికీ కలుగును గాక.