తామరకు చీటీలేని మందు వలదు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



తామర మనకు కొత్త వ్యాధి కాదు. కొన్నాళ్లు మందు పూసిన మానిపోయెడిదని పెద్దలందురు. నేడు పలువురికి అట్లు మానుట లేదు. చర్మవైద్యులు సైతము తాము చదివిన చదువును దిద్దుకొనవలసి వచ్చినది. వారి శిక్షణ సదస్సులలోని ఆ విషయమునే మీ ముందుంచుచున్నాము.

మన దేశమున వ్యాపించిన తామర బూజులో ఒక రకమునకు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరిడిరి. పేరు నోరు తిరుగనిదే. స్వభావము అంతకన్న మొండిది. చిరకాలము నమ్మిన టెర్బినాఫిన్‌కు అది తరచు లొంగదు. అట్టివారికి వైద్యులు ఇట్రాకొనజోల్ నిచ్చుచున్నారు. దురద తగ్గినంతనే మానక, వారు చెప్పినన్ని వారములు మ్రింగవలెను.

అంగడిలో అడిగినంతనే దొరకు స్టెరాయిడ్ క్రీముల సంగతి వేరు. పూసిన నాడే దురద తగ్గును, ఎరుపు మాయమగును. బూజు మాత్రము చావక మరింత ప్రాకును. గజ్జలలో చర్మము పలుచబడి చారలు పడును. ఆ చారలు ఇక పోవు. ఇట్టి క్రీములు చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వము నిబంధన చేసినది. నిబంధన కాగితముపై నున్నది, క్రీము అంగడిలో నున్నది! మీ గ్రామపు అంగడివానితో మాట్లాడవలసినది మీరే.

ఇంటిలో ఎందరికున్న అందరికిని ఒకేసారి వైద్యము జరుగవలెను. తువ్వాలు, దుప్పటి ఎవరివి వారికే యుండవలెను. స్త్రీలు సిగ్గుచే చెప్పుకొనజాలరు; వారితో ఆశా కార్యకర్తచే మాట్లాడింపుడు. ఆరోగ్య కేంద్రమునకు పోవువారిని, ఇంతవరకు పూసిన క్రీము ట్యూబును వెంట తీసికొనిపొమ్మనుడు. దానిని చూచిన వైద్యునికి సగము సంగతి తెలియును.